ముక్కూమొహం తెలియనివాళ్ళను ఆన్‌లైన్‌లో సాయం అడగడం ఎలా? పనికొచ్చే జవాబు వచ్చేలా ప్రశ్న రాసే పద్ధతి

"గ్రూపులో అడిగాను, ఒక్కరూ పలకలేదు." "అడిగితే ఇరవై మంది ఇరవై రకాలుగా చెప్పారు, చివరికి మెకానిక్‌నే పిలిచాను." నాకు తరచూ వచ్చే ఫిర్యాదులు ఈ రెండే.

వాళ్ళు అడిగిన ప్రశ్నలు తెప్పించుకుని చూస్తే చాలావాటికి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. "మోటార్ పనిచేయట్లేదు, ఏం చేయాలి?" అని రాస్తే, మీ ఇంటికి వచ్చి చూసినవాడు తప్ప ఎవరూ ఏమీ చెప్పలేరు. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది అవతలివాళ్ళకు ఒక నిమిషంలో కళ్ళకు కట్టేలా రాయాలి. ఈ మార్గదర్శి అంతా అది ఎలాగో చెప్పడానికే.

సంపు నుంచి పైన ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారునే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటున్నాను. దానితో అవస్థ పడని ఇల్లు తక్కువ.

1. ఇది గ్రూపులో అడిగే విషయమేనా?

కొన్నిటికి పోస్టు రాస్తూ కూర్చోకూడదు.

- గ్యాస్ వాసన: రెగ్యులేటర్ కట్టేయండి, కిటికీలు తెరవండి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.
- పాము కాటు, ఛాతీనొప్పి, పిల్లలు ఏదైనా మింగడం: 108.
- కరెంటు తీగ తెగిపడటం, స్తంభం దగ్గర మంటలు: 1912. ప్రాణాపాయం ఉంటే 112.
- ఖాతాలోంచి డబ్బు పోవడం: వెంటనే 1930. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మందుల మోతాదు కూడా తెలియనివాళ్ళను అడగొద్దు. "మా బాబుకీ ఇదే సిరప్ వేశాం" అనేవాళ్ళకు మీ బాబు బరువెంతో తెలియదు.

2. అడిగే ముందు 10 నిమిషాల పని

ఈ 10 నిమిషాలు పెడితే సగం ప్రశ్నలు అడగక్కర్లేకుండానే తీరిపోతాయి. ఒకసారి గీజర్ గురించి పొడుగ్గా పోస్టు రాసి, పంపే ముందు ఎందుకో మీటర్ బోర్డు చూస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) కిందికి పడి ఉంది. ఆ పోస్టు ఇప్పటికీ నా ఫోన్‌లో డ్రాఫ్టుగానే ఉంది.

వస్తువు మీద అంటించిన ప్లేటు చూడండి. మోడల్, హెచ్‌పీ లేదా వాట్లు, వోల్టులు అక్కడే ఉంటాయి. తెర మీద ఏవైనా అక్షరాలు వెలుగుతుంటే ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ఎల్‌జీ వాషింగ్ మెషిన్‌లో "ఓఈ" అని వస్తే నీళ్ళు బయటికి పోవట్లేదని, "ఐఈ" అని వస్తే లోపలికి రావట్లేదని అర్థం. మాన్యువల్‌లో ఇదంతా ఉంటుంది. మొదటిదానికి అడుగున ఉండే ఫిల్టర్ తీసి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

తర్వాత గ్రూపులో పాత మెసేజీలు వెతకండి. వాట్సాప్‌లో గ్రూపు పేరు నొక్కితే వచ్చే పేజీలో వెతికే గుర్తు నొక్కి "మోటార్" అని కొడితే పోయిన ఎండాకాలం ఎవరో అడిగింది దొరకొచ్చు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. మనవాళ్ళు రెండు రకాలుగానూ రాస్తారు.

పాత జవాబు దొరికితే దాని తేదీ తప్పకుండా చూడండి. మోటారు విషయంలో అయిదేళ్ళ నాటి జవాబైనా చెల్లుతుంది. ప్రభుత్వ పనుల్లో చెల్లదు. తెలంగాణలో వ్యవసాయ భూముల గురించి "ధరణిలో ఇలా చేయండి" అన్న పాత సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి పోర్టల్ వచ్చింది.

అడిగే ముందు చూసుకోవాల్సినవి:

☐ ప్లగ్గు, స్విచ్చు, ఎంసీబీ, మెయిన్ వాల్వ్ చూశాను
☐ ఆపి మళ్ళీ ఆన్ చేసి చూశాను
☐ మోడల్ రాసుకున్నాను, ప్లేటు ఫొటో తీశాను
☐ ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఇంట్లో ఏం మారిందో గుర్తు చేసుకున్నాను
☐ పాత మెసేజీలు వెతికాను
☐ వారంటీ ఉందో లేదో చూశాను (ఉంటే విప్పకండి, కంపెనీకే చెప్పండి)

3. ఎక్కడ, ఎప్పుడు అడగాలి

మీ ఊరికే సంబంధించినదైతే అపార్ట్‌మెంట్ లేదా కాలనీ వాట్సాప్ గ్రూపు. ఈ రోజు నీళ్ళు వస్తాయా, ఆదివారం తెరిచి ఉండే మందుల షాపు ఏది, ఇలాంటివి. జవాబు నిమిషాల్లో వస్తుంది.

వస్తువుకి సంబంధించినదైతే ఆ వస్తువు వాడేవాళ్ళుండే చోటు: ఫేస్‌బుక్‌లో మిద్దెతోట గ్రూపులు, బైకుల గ్రూపులు, టెలిగ్రామ్ చానళ్ళు, రెడిట్‌లో నగరాల పేజీలు. జవాబు కాస్త ఆలస్యమైనా తెలిసినవాళ్ళు చెబుతారు.

ప్రభుత్వ పత్రాలైతే మొదటి లైనులోనే రాష్ట్రం పేరు రాయండి. "ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎలా?" అంటే తెలంగాణ వాళ్ళు మీసేవకి వెళ్ళమంటారు, ఆంధ్ర వాళ్ళు సచివాలయానికి వెళ్ళమంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు, మీరే తికమకపడతారు.

సమయం కూడా చూసుకోవాలి. ఉదయం 8 నుంచి 10 మధ్య అందరూ పరుగుల మీద ఉంటారు, మీ మెసేజ్ గుడ్‌మార్నింగ్ ఫొటోల కింద పడిపోతుంది. రాత్రి 8:30 తర్వాత అడగడం నయం. అర్ధరాత్రి అవసరం పడితే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ గ్రూపులో అడగండి. మనకు రాత్రి 11 అయితే న్యూజెర్సీలో మధ్యాహ్నం.

4. ప్రశ్న రాసే వరుస

అసలు పని ఇది. ముందు అందరూ రాసే పద్ధతి చూడండి:

> ఫ్రెండ్స్ అర్జెంట్!! మోటార్ పనిచేయట్లేదు. ఎవరైనా హెల్ప్ చేయండి ప్లీజ్.

దీనికి వచ్చే జవాబులు నేనే చెప్పగలను: "కరెంటు ఉందా?", "ఏ మోటార్?", "మెకానిక్‌ని పిలవండి", ఒక చేతులు జోడించిన బొమ్మ. ఇప్పుడు ఇది చూడండి:

> 1 హెచ్‌పీ మోటార్ తిరుగుతోంది కానీ ట్యాంకులోకి నీళ్ళు ఎక్కడం లేదు. సంపు నుంచి రెండో అంతస్తు పైన ట్యాంకుకి. నిన్న మధ్యాహ్నం సంపు కడిగించాం, అప్పటి నుంచే ఇలా. ఇప్పుడు సంపులో సగం వరకు నీళ్ళున్నాయి. శబ్దం మామూలుగానే ఉంది, ఎంసీబీ పడటం లేదు. పైన బిరడా తీసి చెంబుతో నీళ్ళు పోశాను, నిలవకుండా దిగిపోతున్నాయి. మెకానిక్ రేపు గానీ రానన్నాడు. ఈ రాత్రికి నీళ్ళెక్కించుకోవడానికి నేనే చేసుకోగలిగింది ఏమైనా ఉందా అండీ? ప్లేటు ఫొటో, 15 సెకన్ల వీడియో పెట్టాను.

ఇందులో వరుస గమనించండి.

మొదటి లైను: వస్తువు, లక్షణం. ఫోన్‌లో నోటిఫికేషన్‌గా కనిపించేది ఈ లైనే. "తిరుగుతోంది కానీ నీళ్ళు రావట్లేదు" అన్న ముక్కతో సగం కారణాలు పక్కకు పోయాయి. అదే "గుయ్‌మంటోంది కానీ తిరగట్లేదు" అని ఉంటే కథ వేరు. అప్పుడు కండెన్సర్ (మోటారు తిరగడం మొదలవడానికి ఊపునిచ్చే భాగం) పోయి ఉండాలి లేదా లోపల తిరిగే షాఫ్టు పట్టేసి ఉండాలి. వెంటనే ఆపకపోతే వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) కాలిపోతుంది. మన దృష్టిలో రెండూ "పనిచేయట్లేదు" అనే మాటే, తెలిసినవాడికి మాత్రం రెండు వేర్వేరు జబ్బులు.

రెండోది: ఎప్పటి నుంచి, దానికి ముందు ఏం జరిగింది. అందరూ వదిలేసేది ఇదే. సంపు కడిగించిన సంగతికీ మోటారుకీ సంబంధం లేదని మీకు అనిపించవచ్చు. ఆ పోస్టు మొత్తంలో విలువైన వాక్యం అదే. "ముందు రోజు ఏం మారింది?" అని మిమ్మల్ని మీరు గట్టిగా అడగండి: పెయింట్ వేయించారా, కరెంటు పోయి వచ్చిందా, బియ్యం బ్రాండ్ మార్చారా, ఫోన్ అప్‌డేట్ అయిందా.

మూడోది: ఏం చేసి చూశారు, ఏమైంది. "అన్నీ చేశాను" అని రాయొద్దు. చేసిన ప్రతిదానికీ ఫలితం రాయండి. పోసిన నీళ్ళు నిలవలేదని చెప్పడంతోనే చూపు నేరుగా ఫుట్‌వాల్వ్ (సంపులో పైపు చివర ఉండి, నీళ్ళు వెనక్కి దిగిపోకుండా ఆపేది) మీదికి వెళుతుంది.

నాలుగోది: మీ పరిమితి. మెకానిక్ రేపు గానీ రాడని రాశాక "మెకానిక్‌ని పిలవండి" అనేవాళ్ళు ఆగిపోతారు. అద్దె ఇల్లు, బడ్జెట్ ఇంత, ఇంట్లో టెస్టర్ తప్ప పనిముట్లు లేవు, ఇలాంటివి ఇక్కడే చెప్పాలి.

చివర ఒకే ఒక్క ప్రశ్న. "ఏం చేయాలి?" కన్నా "ఈ రాత్రికి నేనే చేసుకోగలిగింది ఉందా?" అన్నది మేలు. ఒకే పోస్టులో మోటారు, గీజర్, మంచి ప్లంబర్ నంబర్ మూడూ అడిగితే తేలికైనదానికే జవాబు వస్తుంది. నంబర్ ఇచ్చి వెళ్ళిపోతారు.

వంటింటి ప్రశ్నలకూ ఇదే వరుస. "దోసెల పిండి పులవట్లేదు" అంటే చాలదు. బియ్యం ఏవి, మినప్పప్పు కొలత ఎంత, ఎన్ని గంటలు నానింది, మిక్సీయా గ్రైండరా, రుబ్బాక ఎక్కడ పెట్టారు, ఆ ఊళ్ళో చలి ఎంత. డిసెంబరులో డల్లాస్ నుంచి అడిగేవాళ్ళకూ మేలో విజయవాడ నుంచి అడిగేవాళ్ళకూ ఒకే జవాబు పనికిరాదు.

విదేశాల నుంచి అడిగేవాళ్ళు ప్లేటు మీద ఉన్న అంకెలు తప్పకుండా రాయాలి. "ఇండియా మిక్సీ ఇక్కడ పనిచేస్తుందా?" అన్నది ఎన్నిసార్లు చూశానో. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 750 వాట్లు అని రాస్తే, 120 వోల్టుల ఇంట్లో దానికి ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలో ఎవరైనా చెప్పగలరు. ప్లగ్గు అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది అంతే, వోల్టేజీ మార్చదు.

ఇంకో సంగతి, మాట తేడాలు. తెలంగాణలో నల్లా, ఆంధ్రలో కుళాయి. గోంగూర కొన్నిచోట్ల పుంటికూర. వెల్లుల్లి ఒకచోట ఎల్లిగడ్డ, ఇంకోచోట తెల్లగడ్డ. పెద్ద గ్రూపులో రాసేటప్పుడు రెండు పేర్లూ రాయండి. పేరు తెలియని భాగమైతే ఫొటోలో గీత గీసి "ఇది" అనండి, నామోషీ ఏమీ లేదు.

సలహా కాకుండా మనిషి కావాలంటే ("మంచి ప్లంబర్ ఉన్నారా?") పోస్టు ఆకారం మారుతుంది. ఏరియా, పని, ఎప్పటికి కావాలి అన్న మూడూ రాసి, "మీ ఇంట్లో పని చేయించుకుని ఉంటేనే చెప్పండి, ఎంత తీసుకున్నాడో కూడా రాయండి" అని జోడించండి. ఈ చివరి ముక్క లేకపోతే ఎక్కడో చూసిన నంబర్లన్నీ వచ్చి పడతాయి.

5. ఫొటో, వీడియో

రెండు ఫొటోలు చాలు: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. దగ్గరి ఫొటో పక్కన అగ్గిపెట్టో రూపాయి బిళ్ళో పెడితే సైజు తెలుస్తుంది. ఫ్లాష్ పడి ప్లేటు మీద అక్షరాలు తెల్లబడితే పక్కనుంచి టార్చి వేసి తీయండి. వాట్సాప్‌లో అక్షరాలున్న ఫొటో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి.

శబ్దం తేడాగా ఉంటే వీడియోనే. 15 సెకన్లు, టీవీ ఆపేసి. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే ఎవరూ వినరు, మీటింగులో ఉన్నవాళ్ళు అసలే వినరు.

పంపే ముందు ఫొటో అంచులు చూడండి. నేను ఒకసారి బిల్లు ఎందుకెక్కువ వచ్చిందో అడగడానికి కరెంటు బిల్లు ఫొటో ఉన్నదున్నట్టు పెట్టాను. పేరు, సర్వీస్ నంబర్, అడ్రస్ అన్నీ అందులో ఉన్నాయి. మర్నాడు సాయంత్రం ఎవరో ఫోన్ చేసి నా పేరు, సర్వీస్ నంబర్ చెప్పి, "బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి 9:30కి కరెంటు తీసేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అన్నాడు. యాప్ అనేసరికి అనుమానమొచ్చి పెట్టేశాను. నంబర్లు సరిగ్గా చెప్పేసరికి ఒక్క క్షణం నిజంగానే నమ్మాను.

☐ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, సర్వీస్ నంబర్, బండి నంబర్ చెరిపేశాను
☐ ఆధార్ పెట్టలేదు (ఆధార్ గురించే ప్రశ్న అయినా మాటల్లో రాస్తే చాలు)
☐ వెనకాల పిల్లల ఫొటోలు, తాళాలు, మందుల సీసాలు కనిపించట్లేదు
☐ ఫొటోను డాక్యుమెంట్‌గా పంపలేదు (అలా పంపితే తీసిన చోటు వివరాలు కూడా వెళ్ళిపోవచ్చు)

6. పెట్టాక మొదటి అరగంట

పోస్టు పెట్టి నిద్రపోవద్దు. ఎవరో "సంపులో పైపు చివర నీళ్ళలో మునిగి ఉందా?" అని అడుగుతారు. రెండు నిమిషాల్లో చూసి చెబితే ఆయన ఇంకో మెట్టు ముందుకు తీసుకెళతారు. మూడు గంటల తర్వాత చెబితే ఆయన వేరే పనిలో ఉంటారు.

కొత్త సంగతి తెలిస్తే ఆ పోస్టు కిందే చేర్చండి. ఒకేసారి అయిదు గ్రూపుల్లో పెట్టకండి. ఒకచోట సమస్య తీరిపోయాక మిగతా నాలుగు చోట్ల జనం ఇంకా బుర్రలు బద్దలు కొట్టుకుంటూ ఉంటారు.

రెండు మూడు గంటలైనా ఎవరూ పలకకపోతే "ఎవరూ హెల్ప్ చేయరా?" అని నిష్ఠూరమాడొద్దు. మొదటి లైను మార్చి, ఒక కొత్త వివరం చేర్చి, మళ్ళీ ఒక్కసారి పెట్టండి.

7. జవాబులను జల్లెడ పట్టడం

మోటారు పోస్టుకి నాలుగు రకాల జవాబులు వచ్చాయనుకుందాం. ఒకరు కండెన్సర్ మార్చమన్నారు. ఒకరు కొత్త మోటారు కొనమన్నారు. ఒకరు "మాకూ ఇలాగే అయింది" అని ఆగిపోయారు. నాలుగో ఆయన ఇలా రాశారు: "సంపు కడిగినప్పుడు లేచిన చెత్త ఫుట్‌వాల్వ్‌లో ఇరుక్కుని ఉంటుంది. అందుకే పోసిన నీళ్ళు నిలవట్లేదు. పైపు పైకి తీసి వాల్వ్ కడగండి, మళ్ళీ నీళ్ళు పోసి చూడండి."

నాలుగోదాన్నే నమ్మాలి. మీరు రాసిన లక్షణాలకు అందులో కారణం ఉంది. కండెన్సర్ పోతే మోటారు తిరగకూడదు, మీది తిరుగుతోంది. జవాబు మీ వివరాలతో సరిపోతుందా లేదా అన్నదే మొదటి పరీక్ష. ఎన్ని లైకులు వచ్చాయన్నది పరీక్షే కాదు.

రెండు జవాబులూ సబబుగానే తోస్తే ఖర్చు లేనిది, వెనక్కి తీసుకోగలిగేది ముందు చేయండి. కడగడం ముందు, కొనడం తర్వాత. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

"మీకెలా తెలుసు?" అని మర్యాదగా అడగడం తప్పు కాదు. "అన్నా, మీ ఇంట్లో ఇలాగే చేశారా, ఎక్కడైనా చదివారా?" అంటే చాలు. చేసినవాళ్ళు రెండు వాక్యాలు ఎక్కువ చెబుతారు. చదివినవాళ్ళు లింకు ఇస్తారు.

కరెంటు పనిలో ఎవరు ఎంత ధైర్యం చెప్పినా మెయిన్ ఆపకుండా చేయి పెట్టొద్దు. మోటారు కండెన్సర్ స్విచ్ ఆపేశాక కూడా కొంతసేపు షాక్ కొట్టగలదు. గ్యాస్ స్టవ్ పైపులు, మీటర్ బోర్డు, గీజర్ లోపలి భాగాలు మీరు విప్పకండి. గ్రూపు సలహా ఇక్కడ మెకానిక్‌తో ఏం మాట్లాడాలో తెలుసుకోవడానికే. అదీ తక్కువ లాభమేమీ కాదు: "ఫుట్‌వాల్వ్ చూడండి" అనే కస్టమర్‌కి కొత్త మోటారు అంటగట్టడం కష్టం.

8. ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాళ్ళు

బ్యాంకు, యూపీఐ, రీఫండ్, గ్యాస్ బుకింగ్ లాంటి మాటలతో బహిరంగంగా అడిగితే కాసేపట్లో "కస్టమర్ కేర్" అంటూ ఒకరు విడిగా మెసేజ్ పెడతారు. నిజమైన సలహా ఇచ్చేవాళ్ళు సాధారణంగా అందరి ముందే ఇస్తారు. విడిగా రమ్మంటే "ఇక్కడే చెప్పండి, అందరికీ పనికొస్తుంది" అని రాయండి. మోసగాడైతే మాయమైపోతాడు.

- ఓటీపీ, యూపీఐ పిన్, కార్డు వెనక అంకెలు ఎవరికీ చెప్పొద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
- స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే ఆ సంభాషణ అక్కడితో ఆపండి.
- ఏపీకే ఫైల్ (తెరిస్తే ఫోన్‌లో యాప్ వేసేది) పంపితే తెరవొద్దు, పేరు పెళ్ళి శుభలేఖ అని ఉన్నా సరే.
- కస్టమర్ కేర్ నంబర్ కామెంట్లలోంచి తీసుకోవద్దు. బిల్లు మీదో, కార్డు వెనకో, కంపెనీ సొంత యాప్‌లోనో చూడండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కారణం మీరే తేల్చేసి అడగడం. "ఏసీలో గ్యాస్ నింపడానికి ఎంత?" అని అడిగితే ధరలు చెబుతారు. అసలు గ్యాస్ అయిపోయిందో లేదో ఎవరూ అడగరు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా చల్లదనం తగ్గుతుంది. లక్షణం రాయండి: "గాలి వస్తోంది, చల్లగా లేదు, చివరి సర్వీసు 14 నెలల క్రితం."

"అర్జెంట్" అని రాయడం. ఎందుకు అర్జెంటో రాస్తే పనవుతుంది. "ఇంట్లో బాలింత ఉంది, నీళ్ళు రెండు బకెట్లే ఉన్నాయి" అంటే పక్క ఫ్లాటు వాళ్ళు జవాబు బదులు నీళ్ళే తెస్తారు.

"తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఆగిపోవడం. ఎవరూ చెయ్యెత్తరు. అడగదలచుకున్నది ఆ మెసేజ్‌లోనే అడిగేయండి.

వాదనకు దిగడం. ఎవరో "ఇది కూడా తెలియదా?" అంటారు. వదిలేయండి. ఒక్కసారి గొడవ మొదలైతే, తెలిసిన మనిషి ఆ దారిదాపులకే రాడు.

జవాబు రాగానే పోస్టు తీసేయడం. చెప్పినవాళ్ళ శ్రమ కూడా దాంతోపాటే పోతుంది. వ్యక్తిగత వివరాలుంటే వాటిని మాత్రమే తీసేయండి.

10. పనయ్యాక

అదే పోస్టు కింద ఫలితం రాయండి. "థాంక్స్, సెట్ అయింది" అంటే వచ్చే ఏడాది వెతికేవాళ్ళకు ఏమీ తెలియదు. ఏ సలహా పనిచేసింది, ఎంత ఖర్చయింది, ఎంతసేపు పట్టింది, ఈ మూడూ ఉండాలి. పనిచేయకపోతే అదీ రాయండి. మోటారు పోస్టుకి ఇలా:

> అప్‌డేట్: ఫుట్‌వాల్వే. పైపు పైకి తీస్తే వాల్వ్ జాలీలో కొబ్బరిపీచు, ఒక ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుని ఉన్నాయి. కడిగి మళ్ళీ బిగించాం, చెంబు నీళ్ళు పోస్తే ఈసారి నిలిచాయి. మోటార్ వేసిన రెండు నిమిషాలకు ట్యాంకులో నీళ్ళు పడ్డాయి. ఖర్చు సున్నా, టైమ్ 40 నిమిషాలు, ఇద్దరు మనుషులు కావాలి. వాల్వ్ సంగతి చెప్పిన అన్నకు థాంక్స్. రేపు మెకానిక్‌ని రావద్దని చెప్పేశాను.